37 ఏళ్ల వయసులో డాక్టరేట్: ఎడ్.డి. చేయనా, పీహెచ్.డి. చేయనా, అసలు వద్దనుకోనా?

అమెరికా మిడ్‌వెస్ట్‌లోని ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో ఉద్యోగం చేస్తున్న 37 ఏళ్ల తెలుగు మహిళ మాకు సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. పేరూ ఊరూ చెప్పవద్దన్నారు. ఉత్తరంలోని ముఖ్య విషయాలు ఇవి.

ఆమె ఖమ్మం జిల్లాలో పుట్టి పెరిగారు. హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదివి, పెళ్లయ్యాక భర్తతో, హెచ్-1బి ఉద్యోగ వీసా ఉన్నవారి జీవిత భాగస్వామికి ఇచ్చే హెచ్-4 వీసా మీద అమెరికా వెళ్లారు. కొన్నేళ్లు ఇంట్లోనే ఉన్నారు. పాప పుట్టాక ఉన్నత విద్యా నిర్వహణలో మాస్టర్స్ చేశారు. భర్త గ్రీన్‌కార్డు ప్రయత్నంలో ఐ-140 అనే, ఆయన కంపెనీ వేసే దరఖాస్తుకు ఆమోదం రావడంతో ఆమెకు ఉద్యోగం చేసుకునే అనుమతి పత్రం, ఈఏడీ, చేతికొచ్చింది. ఆరేళ్లుగా మాస్టర్స్ విద్యార్థుల సహాయ విభాగంలో పనిచేస్తున్నారు. కొత్తగా చేరినవారికి పద్ధతులు చెప్పడం, మార్కులు తగ్గి ప్రొబేషన్‌లో పడినవారితో కూర్చుని మాట్లాడటం, అత్యవసర ఆర్థిక సాయానికి వచ్చిన దరఖాస్తులు చూడటం, సరుకులకు డబ్బు లేనివారికి క్యాంపస్‌లో ఉచితంగా ఇచ్చే చోటు చూపించడం ఆమె పని. విదేశీ విద్యార్థుల వీసాకు ఆధారమైన ఐ-20 పత్రాల వ్యవహారాలు చూసే అధికారికి అమెరికా పౌరసత్వమో గ్రీన్‌కార్డో ఉండి తీరాలి కాబట్టి ఆ పని ఆమెకు దక్కదు. "అయినా మన పిల్లలు ముందు నా గదికే వస్తారు. తలుపు వేసి, తెలుగులో మొదలుపెడతారు" అని రాశారు.

అలా వచ్చినవారిలో నల్లగొండ వైపు కుర్రవాడు ఒకడు. తండ్రి పొలం తాకట్టు పెట్టి మొదటి సెమిస్టర్ ఫీజు కట్టారు. రెండో సెమిస్టర్ ఫీజు తానే సంపాదించాలనుకుని అతడు రాత్రిళ్లు పనికి వెళ్లాడు, పగలు తరగతులు తప్పాడు, ఇంట్లో మాత్రం అంతా బాగుందని చెప్పాడు. ఈమె చేయగలిగినంతా చేశారు. అతడు చివరికి చదువు మానేశాడు. "ఎందుకు మానేశాడన్న గడిలో మా విశ్వవిద్యాలయం 'వ్యక్తిగత కారణాలు' అని రాసుకుంది. ఆ మాట చూసిన రోజే డాక్టరేట్‌కు దరఖాస్తులు పంపాను."

రెండు చోట్ల సీటు వచ్చింది. ఒకటి తాను పనిచేసే విశ్వవిద్యాలయంలోనే ఎడ్.డి., అంటే డాక్టర్ ఆఫ్ ఎడ్యుకేషన్: మూడేళ్లు, వారాంతపు తరగతులు, ఉద్యోగి కాబట్టి ఫీజులో చాలా భాగం మాఫీ. రెండోది ఆరు గంటల ప్రయాణ దూరంలో, వేరే రాష్ట్రంలో, విద్యార్థి వ్యవహారాల నిర్వహణలో పూర్తికాలపు పీహెచ్.డి.: నాలుగేళ్లు ఫీజు మాఫీ, అక్కడే వారానికి 20 గంటలు పనిచేసే అసిస్టెంట్‌షిప్, ఏడాదికి 22,000 డాలర్ల భృతి. ఇప్పుడు ఆమె జీతం 54,000 డాలర్లు. ఏప్రిల్ 15లోగా జవాబు చెప్పాలి.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగి అయిన భర్త ఒప్పుకోవడం లేదు. "చేస్తున్న ఉద్యోగానికి మాస్టర్స్ చాలదా? జీతం వదులుకుని చదివితే చివరికి పెరిగేది ఎంత? దానికన్నా డేటా అనలిటిక్స్ కోర్సు చేస్తే నయం" అంటున్నారు. విజయవాడలో ఉన్న అత్తగారు ఎనిమిదేళ్ల పిల్లను వదిలి తల్లి హాస్టల్లో ఉండటమేమిటని ఫోనులో బాధపడుతున్నారు. రిటైరైన లెక్చరర్ అయిన తండ్రి తాను పూర్తిచేయలేకపోయిన పీహెచ్.డి. కూతురైనా చేయాలని ఆశగా ఎదురుచూస్తున్నారు. డాక్టరేట్ లేకుండా డీన్ కాలేవని పై అధికారి చెబుతుంటే, ఈ రంగమే కుంచించుకుపోతోందని ఒక సహోద్యోగి హెచ్చరిస్తున్నారు. బంధువులు "అంటే వార్డెన్ ఉద్యోగమా?" అని అడుగుతున్నారు. అయిదారేళ్ల తరువాత అమ్మానాన్నల కోసం ఇండియా తిరిగి వెళ్లే ఆలోచన కూడా ఉందట. "నేనేం చేయాలి? ఈ వయసులో ఇది పేరాశా?" అని ఉత్తరం ముగించారు.

అమ్మా, ముందు వయసు సంగతి. విద్యారంగంలో డాక్టరేట్‌కు వచ్చేవారిలో చాలామంది కొన్నేళ్లు ఉద్యోగం చేశాకే వస్తారు. మీ తరగతిలో మీ ఈడువారూ మీకన్నా పెద్దవారూ ఉంటారు. ఆరేళ్లు ఆ గదిలో కూర్చుని పిల్లల మాటలు విన్నందువల్ల మీకు తట్టే ప్రశ్నలు, నేరుగా మాస్టర్స్ నుంచి వచ్చిన 24 ఏళ్ల మనిషికి తట్టవు. పేరాశ అన్న మాట ఇక అనుకోకండి.

వార్డెన్ అన్న మాట మిమ్మల్ని గుచ్చుకుందని అర్థమైంది. మన కళాశాలల్లో విద్యార్థుల బాగోగులు చూడటం విడిగా ఒక వృత్తి కాదు. ఎవరో ఒక ప్రొఫెసర్ పాఠాలతో పాటు కొన్నేళ్లు మోసే అదనపు బాధ్యత అది. కాబట్టి బంధువులకు పోలిక దొరక్కపోవడం సహజమే. అమెరికాలో ఈ పనికి పెద్ద చరిత్ర ఉంది. 1892లో షికాగో విశ్వవిద్యాలయం తెరిచినప్పుడు విద్యార్థినుల కోసం ఆలిస్ ఫ్రీమన్ పామర్‌ను డీన్‌గా పిలిపించారు. ఆమెతో వచ్చిన మేరియన్ టాల్బట్ ఆ తరువాత 1925 దాకా అక్కడే ఉండి ఆ పదవికి ఒక రూపం ఇచ్చారు. డీన్ల సంఘాలు 1910ల, 1920ల నాటికే పుట్టాయి. 1937లో అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎడ్యుకేషన్ వెలువరించిన పత్రం, విద్యార్థిని మార్కులతోనే కొలవకుండా ఆరోగ్యం, డబ్బు, స్నేహాలు, నమ్మకాలు, భవిష్యత్తు మీద బెంగ అన్నీ ఉన్న నిండు మనిషిగా చూడటం విశ్వవిద్యాలయం బాధ్యత అని తేల్చి చెప్పింది. ఆ రోజు మీ గదిలో ఆ కుర్రవాడితో మీరు చేసింది సరిగ్గా ఆ పనే. బంధువులకు ఇదంతా వివరించనక్కర్లేదు. మీరు మాత్రం మీ పనిని చిన్నది చేసుకోవద్దు.

ఇక రెండు పట్టాల విషయం. ఎడ్.డి. మొదట ఇచ్చింది హార్వర్డ్, 1921లో. బడులూ కళాశాలలూ నడిపేవారికి వైద్యులకూ న్యాయవాదులకూ ఉన్నట్టే ఒక వృత్తి పట్టా ఉండాలన్నది దాని వెనకున్న ఆలోచన. కానీ చాలా చోట్ల అది పీహెచ్.డి.కి నీరసమైన నకలుగా మిగిలిపోయిందన్న విమర్శ దశాబ్దాల పాటు నడిచింది. చివరికి హార్వర్డే 2014 నుంచి పీహెచ్.డి. వైపు మళ్లింది. మరోవైపు 2007లో మొదలైన కార్నెగీ ప్రాజెక్టులో చేరిన విశ్వవిద్యాలయాలు ఎడ్.డి.ని మళ్లీ తీర్చిదిద్దాయి. పనిచేసే చోట ఎదురైన సమస్యనే తీసుకుని, దానికి మార్పు ఆలోచించి, అమలు చేసి, ఫలితాన్ని పరిశీలించి రాయడమే అక్కడ సిద్ధాంత వ్యాసం. పీహెచ్.డి. లక్ష్యం వేరు. మీ విశ్వవిద్యాలయంలో ఒక పద్ధతిని బాగుచేయడంతో అది తృప్తి పడదు. ఈ విషయంలో ఇంతవరకు అందరూ అనుకుంటున్నది సరైనదేనా అని అడుగుతుంది. దానికి పరిశోధనా పద్ధతుల్లో గట్టి శిక్షణ, చదవడానికీ రాయడానికీ విడి సమయం కావాలి.

డీన్ ఆఫ్ స్టూడెంట్స్, వైస్ ప్రెసిడెంట్ వంటి పదవుల ప్రకటనల్లో డాక్టరేట్ ఉండాలనో, ఉంటే మంచిదనో రాస్తారు. అది ఎడ్.డి.నా పీహెచ్.డి.నా అన్న పట్టింపు చాలా తక్కువ. ఆచార్యులై ఈ సబ్జెక్టు బోధించాలన్నా, పరిశోధనే జీవితంగా పెట్టుకోవాలన్నా మాత్రం పీహెచ్.డి. దారి సులువు. మీ పై అధికారి చెప్పింది నిజమే, కానీ సగం నిజం. డాక్టరేట్ లేకపోతే కొన్ని తలుపులు తెరుచుకోవు. ఉన్నంత మాత్రాన తెరుచుకుంటాయని ఎవరూ హామీ ఇవ్వలేరు. మీ విశ్వవిద్యాలయంలో గత పదేళ్లలో ఆ పదవుల్లోకి వచ్చినవారు ఎక్కడి నుంచి వచ్చారో, ఏం చదివి వచ్చారో ఒకసారి చూడండి. అది బహిరంగ సమాచారమే. పై అధికారి మాట కన్నా అది గట్టి ఆధారం.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. డీన్ కావాలన్న కోరిక అందులో ఉంది, కానీ అది మీ పై అధికారి నోట వచ్చింది. మీ సొంత గొంతు వినిపించింది ఆ 'వ్యక్తిగత కారణాలు' దగ్గరే. దాన్ని కాస్త విప్పి చూద్దాం, ఎందుకంటే నిర్ణయం అక్కడే ఉందని నా నమ్మకం.

విద్యార్థులు చదువు ఎందుకు మానేస్తారన్నది ఈ రంగంలో అన్నిటికన్నా ఎక్కువ చర్చించిన ప్రశ్న. మాస్టర్స్‌లో మీరు చదివే ఉంటారు. విన్సెంట్ టింటో 1975లో చెప్పిన సిద్ధాంతం ప్రకారం, చదువులోనూ క్యాంపస్ స్నేహాల్లోనూ కలిసిపోయినవారు నిలుస్తారు, కలవలేనివారు వెళ్లిపోతారు. అలెగ్జాండర్ ఆస్టిన్ 1984లో, విద్యార్థి ఎంత సమయాన్నీ శక్తినీ క్యాంపస్ జీవితంలో పెడితే అంత ఎదుగుతాడన్నారు. ఆర్థర్ చికరింగ్ 1969లో విద్యార్థి ఎదుగుదలను ఏడు దిశలుగా వివరించారు. ఇవన్నీ విలువైన ఆలోచనలే. అయితే ఇవి ఎవరిని చూసి పుట్టాయి? ప్రధానంగా 18 ఏళ్లకు ఇల్లు వదిలి, క్యాంపస్ హాస్టల్లో ఉంటూ నాలుగేళ్ల డిగ్రీ చదివే అమెరికన్ పిల్లలను చూసి. హాస్టల్లో ఉండకుండా ఇంటి నుంచి వచ్చి చదివేవారికీ, ఉద్యోగం చేస్తూ చదివేవారికీ, నల్లజాతి విద్యార్థులకూ ఇవి సరిగా అతకవని విమర్శలు వచ్చాయి, సవరణలూ జరిగాయి. కానీ మీ గదికి వచ్చే విద్యార్థిని చూడండి. వయసు 23. డిగ్రీ అయిపోయింది. క్యాంపస్ బయట నలుగురితో కలిసి ఒక అపార్ట్‌మెంట్. అన్నం, పప్పు వంతులవారీగా వండుకుంటారు. సాయంత్రాలు పని. స్నేహాలకు లోటు లేదు, ఆ అపార్ట్‌మెంటే ఒక ఊరు. టింటో లెక్కలో 'కలిసిపోవడం' అంటే ఇతడి విషయంలో ఏమిటి? తాకట్టులో ఉన్న పొలం, తండ్రికి చెప్పిన అబద్ధం, ఎఫ్-1 అనే విద్యార్థి వీసాలో సెమిస్టర్ నడుస్తుండగా వారానికి 20 గంటలకు మించి క్యాంపస్ పని చేయరాదన్న నిబంధన, బయట పని చేస్తే హోదాకే ముప్పు అన్న భయం, వీటికి ఆ సిద్ధాంతాల్లో చోటెక్కడ?

ఇది చిన్న గుంపు సంగతి కాదు. 2024-25లో అమెరికాలో చదువుతున్న భారతీయ విద్యార్థులు 3,63,019 మంది. ఏ దేశం నుంచీ అంతమంది లేరు. వారిలో సగానికి దగ్గరగా మాస్టర్స్, ఆపై చదువులవారే. తెలుగువారు ఎంత పెద్ద వాటా అన్నది మీరు రోజూ చూస్తూనే ఉన్నారు. ఇంతమంది ఫీజులు తీసుకుంటున్న వ్యవస్థ, వారు ఎందుకు చతికిలపడుతున్నారో ఒక్క గడిలో ఒక్క మాటతో సరిపెడుతోంది. ఇది నన్ను కోపగించేలా చేస్తుంది. మిమ్మల్నీ చేసింది కాబట్టే దరఖాస్తు పంపారు.

ఆ కోపాన్ని మీరు రెండు రకాలుగా వాడవచ్చు. మొదటిది: మీ విశ్వవిద్యాలయంలో రెండో సెమిస్టర్ ఫీజు గడువుకు ముందే ఇబ్బందిలో ఉన్నవారిని గుర్తించే పద్ధతి ఏదైనా రూపొందించి, అది పనిచేస్తుందో లేదో చూడటం. చక్కని ఎడ్.డి. అవుతుంది. రెండోది: అప్పు చేసి వచ్చిన విదేశీ మాస్టర్స్ విద్యార్థికి విశ్వవిద్యాలయంతో ఉన్న సంబంధం ఎలాంటిదో మొదటి నుంచి ఆలోచించి, పాత సిద్ధాంతాలకు జవాబు చెప్పడం. అది పీహెచ్.డి. పని. మొదటిదానితో రాబోయే రెండేళ్లలోనే కొందరు పిల్లలు నిలబడవచ్చు. రెండోది ఇతర విశ్వవిద్యాలయాలు కూడా తమ లెక్కలు మార్చుకునేలా చేయవచ్చు, చేయకపోనూ వచ్చు. ఏది గొప్పదన్న తూకం నేను వేయను. ఏ పని తలుచుకుంటే పొద్దున్నే లేచి కూర్చోవాలనిపిస్తుందో మీకే తెలియాలి.

ఒక హెచ్చరిక. ఏ దారిలో వెళ్లినా, మీరు సాయం చేస్తున్న విద్యార్థులనే పరిశోధనకు తీసుకునే ముందు చాలా ఆలోచించండి. అత్యవసర సాయం దరఖాస్తు మీ చేతిలో ఉండగా, 'నా పరిశోధనకు మాట్లాడతావా' అని అడిగితే ఎవరు కాదంటారు? పైగా అనుమతి లేని పని గురించి వారు చెప్పిన మాట రికార్డులో ఉంటే, అది ఏ రోజైనా వారి మెడకు చుట్టుకోవచ్చు. పరిశోధన నైతికతను పరిశీలించే కమిటీ ఈ ప్రశ్నలు ఎలాగూ అడుగుతుంది. అంతకన్నా ముందు మీరే అడగాలి. వేరే విశ్వవిద్యాలయంలో చదివితే ఈ చిక్కు కొంత తగ్గుతుంది, ఎందుకంటే అక్కడి విద్యార్థులు మీ గదికి సాయం కోసం వచ్చినవారు కారు.

డబ్బు, వీసా. ఇక్కడ మీ భర్త మాటలకు బలం ఉంది, కాబట్టి వివరంగా చెబుతాను.

ఎడ్.డి. ఫీజు మాఫీ అంటే పూర్తిగా ఉచితం అనుకోకండి. యజమాని ఉద్యోగి చదువుకు ఇచ్చే సాయంలో ఏడాదికి 5,250 డాలర్ల వరకే సాధారణంగా పన్ను ఉండదు. పోస్ట్ గ్రాడ్యుయేట్ చదువుకు అంతకు మించి మాఫీ అయితే, పై మొత్తం జీతంలో కలిసి పన్ను పడవచ్చు. ఉదాహరణకు 12,000 డాలర్ల ఫీజు మాఫీ అయితే 6,750 మీకు అందని జీతంగా లెక్కలోకి వస్తుంది. ఆ చదువు ఇప్పుడు చేస్తున్న ఉద్యోగ నైపుణ్యం కోసమే అని చూపగలిగితే మినహాయింపుకు అవకాశం ఉంది. మీ జీతాల విభాగాన్ని రాతపూర్వకంగా అడగండి. పీహెచ్.డి. విషయంలోనూ ఒక మెలిక ఉంది. బోధన లేదా పరిశోధన అసిస్టెంట్లకు మాఫీ అయిన ఫీజు మీద పన్ను ఉండదు. మీకిచ్చిన అసిస్టెంట్‌షిప్ డీన్ కార్యాలయంలో పాలనా పని అయితే ఆ మినహాయింపు అదే విధంగా వర్తించకపోవచ్చు. జవాబు చెప్పేముందే ఇది తెలుసుకోండి. ఫెడరల్ విద్యా రుణాలు పౌరులకూ గ్రీన్‌కార్డు ఉన్నవారికీ తప్ప సాధారణంగా మీ హోదాలో ఉన్నవారికి దొరకవు. కాబట్టి లోటు పడితే అది ఇంటి పొదుపు నుంచే రావాలి.

హెచ్-4లో ఉండి పూర్తికాలం చదువుకోవచ్చు, హోదా మార్చుకోనక్కర్లేదు. అయితే అసిస్టెంట్‌షిప్ జీతం ఈఏడీ మీద ఆధారపడి ఉంటుంది. 2025 అక్టోబర్ 30 నుంచి వేసిన పునరుద్ధరణ దరఖాస్తులకు, మీవంటివారికి ఇదివరకటిలా తనంతట తానుగా వచ్చే పొడిగింపు ఆగిపోయింది. కొత్త కార్డు ఆలస్యమైతే ఆ రోజుల్లో పని ఆపాలి. గడువుకు 180 రోజుల ముందు నుంచే దరఖాస్తు చేసుకోవచ్చు, ఆ తేదీని గోడ మీద రాసిపెట్టుకోండి. కార్డు ఆలస్యమైతే భృతితో పాటు ఫీజు మాఫీ కూడా ఆగుతుందా అని ఆ విభాగాన్ని సూటిగా అడగండి.

మీ ఉత్తరంలో కనిపించని దారి ఒకటుంది. విశ్వవిద్యాలయాలు హెచ్-1బి కోసం లాటరీలో నిలబడనక్కర్లేదు, వాటికి సంఖ్యా పరిమితి వర్తించదు. మీ ఉద్యోగం ఆ అర్హతలకు సరిపోతుందో, మీ విశ్వవిద్యాలయం మీ పేరు మీద దరఖాస్తు వేస్తుందో అడిగారా? వేస్తే మీ ఉద్యోగ హక్కు భర్త ఉద్యోగం మీద ఆధారపడదు. ఉద్యోగం చేస్తూనే ఎడ్.డి. చదువుకోవచ్చు. మీవారికి ఉద్యోగం పోతే సాధారణంగా 60 రోజుల గడువే ఉంటుంది. ఇంట్లో రెండో ఆధారం ఉండటం మొత్తం కుటుంబానికే రక్ష. వేరే రాష్ట్రంలో అసిస్టెంట్‌షిప్ తీసుకుంటే ఈ అవకాశం కొన్నేళ్లు వాయిదా పడుతుంది. నిర్ణయానికి ముందు ఒక ఇమ్మిగ్రేషన్ న్యాయవాదితో గంట మాట్లాడటానికి పెట్టే ఖర్చు వృథా కాదు.

మీవారి గురించి ఇంకొంచెం. ఆయన 'పెరిగేది ఎంత' అని అడుగుతున్నారు. జీతం లెక్కల్లో ఆయన మాట కొట్టిపారేయలేం. ఈ రంగంలో డాక్టరేట్ వల్ల జీతం పెరగాలంటే పదవి మారాలి, పదవి మారాలంటే తరచుగా ఊరు మారాలి. నాలుగేళ్లలో మీరు వదులుకునే జీతం లక్ష డాలర్లు దాటుతుంది. ఈ లెక్క ఆయన ముందు మీరే పెట్టండి. దాచకుండా పెడితే, మిగిలిన మాట మాట్లాడే హక్కు మీకు వస్తుంది. ఆయన అసలు భయం డబ్బేనా, లేక ఎనిమిదేళ్ల పిల్లను ఒక్కడే చూసుకోవాల్సి వస్తుందన్న బెంగనా అన్నది అప్పుడే బయటపడుతుంది. రెంటికీ మందు వేరు. డేటా అనలిటిక్స్ సలహాకు మాత్రం నేను ఒప్పుకోను. ఇష్టం లేని పనిలో పోటీ పడి నెగ్గడం ఏ వయసులోనూ సులువు కాదు, ఇప్పుడున్న సాఫ్ట్‌వేర్ మార్కెట్లో మరీను. అయితే గణాంకాలు నేర్చుకోవడం మీ పరిశోధనకే పనికొస్తుంది. కావాలంటే ఆయనే మీకు నేర్పవచ్చు. భర్త చదువులో ఒక చెయ్యి వేస్తే ఆ చదువు ఇంటి చదువు అవుతుంది.

పాప ఆరు గంటల దూరంలో ఉంటుందన్నది తేలికైన విషయం కాదు. ఇక్కడ నేను మీ అత్తగారి వైపు కొంత ఉన్నాను. తల్లి చదవకూడదని కాదు. చదువు ఒక్కటే తల్లిని ఇంటికి దూరం చేయనక్కర్లేదని. నాలుగేళ్లు అంటున్నారు గానీ, డాక్టరేట్లు అనుకున్న గడువులో ముగియడం అరుదు. మాస్టర్స్, డాక్టరేట్ చదువులు నడిపే విశ్వవిద్యాలయాల సంఘమైన కౌన్సిల్ ఆఫ్ గ్రాడ్యుయేట్ స్కూల్స్ పరిశీలనలో, పీహెచ్.డి.లో చేరినవారిలో పదేళ్ల తరువాత పట్టా పొందినవారు 57 శాతమే. కోర్సులూ పరీక్షలూ అయిపోయి, సిద్ధాంత వ్యాసం దగ్గర ఆగిపోయేవారు ఎందరో. ఆ దశలో ఇంట్లో తోడు ఉండటం, గైడ్ రాసింది చదివి వెంటనే జవాబివ్వడం అన్నిటికన్నా ముఖ్యం. మొదటి రెండేళ్ల కోర్సుల తరువాత ఇంటి నుంచే రాసుకోనిస్తారా అని అడగండి. ఒప్పుకుంటే లెక్క మారుతుంది. లేదా కుటుంబమంతా ఆ ఊరికి మారగలదా? మీవారు ఇంటి నుంచి పనిచేసే వీలుంటే అదీ ఆలోచించదగినదే. అయితే హెచ్-1బి పనిచోటు మారితే ఆయన కంపెనీ కొత్త దరఖాస్తు వేయాల్సి రావచ్చు.

మీ సహోద్యోగి భయం నిజమైనదే. టెక్సాస్‌లో 2024 జనవరి నుంచి, ఒహాయోలో 2025 నుంచి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో వైవిధ్య కార్యాలయాలను, అంటే అన్ని జాతుల, వర్గాల విద్యార్థులకూ చోటు కల్పించడానికి పెట్టినవాటిని, మూసేయించే చట్టాలు అమల్లోకి వచ్చాయి. ఈ రంగంలో ఎందరి ఉద్యోగాలో వాటితో పోయాయి. 2025 శరదృతువులో కొత్తగా చేరిన విదేశీ విద్యార్థులు 17 శాతం తగ్గారు. అయితే విద్యార్థులు తగ్గుతున్న కాలంలోనే ఉన్నవారిని నిలుపుకోవడం ఎలా అన్న ప్రశ్నకు విలువ పెరుగుతుంది. దాన్ని ఫీజుల లెక్కల భాషలోనూ చెప్పగలిగితే మీ పనికి ఎక్కువమంది చెవి ఒగ్గుతారు.

ఇండియా తిరిగి వెళ్లే ఆలోచన గట్టిదైతే, పీహెచ్.డి. వైపే మొగ్గాలి. మన దగ్గర ఎడ్.డి. అంటే ఏమిటో చాలామందికి తెలియదు, నియామక నిబంధనలు ఎక్కువగా పీహెచ్.డి. చుట్టూ అల్లుకున్నవే. విదేశీ పట్టాల సమానత్వం మీద యూజీసీ 2025లో కొత్త నిబంధనలు తెచ్చింది. మీరు ఎంచుకున్న చదువు వాటికి సరిపోతుందో ముందే చూసుకోవాలి. కొన్ని ప్రైవేటు విశ్వవిద్యాలయాలు విద్యార్థి జీవన విభాగాలు పెడుతున్నాయి గానీ, వాటినే నమ్ముకుని నాలుగేళ్లు ఖర్చుపెట్టమని నేను చెప్పను.

నాన్నగారి ఆశ గురించి మీరు ఎంతో ప్రేమగా రాశారు. ఆయనకు ఒకసారి ఫోను చేసి, తన పీహెచ్.డి. ఎందుకు ఆగిందో అడగండి. డబ్బా, గైడా, ఇంటి బాధ్యతా? ఆయన కోరిక తీర్చడానికి కాదు, ఆయన అనుభవం మీకు పనికొస్తుందని. ఆ కోరిక బరువు మాత్రం ఈ నిర్ణయంలో పెట్టుకోవద్దు. సిద్ధాంత వ్యాసం కదలని రాత్రుల్లో మీ సొంత కారణమే మిమ్మల్ని కుర్చీలో కూర్చోబెట్టగలదు.

నా మొగ్గు ఎటో అడిగితే చెబుతాను. ఇప్పుడున్న పరిస్థితిలో ఎడ్.డి., పక్కనే మీ పేరు మీద హెచ్-1బి ప్రయత్నం, ఇది మీ ఇంటికి తక్కువ గాయం చేసే దారి. దీనిలో నష్టం ఏమిటంటే మీ ప్రశ్న మీ విశ్వవిద్యాలయం గోడల మధ్యే ఉండిపోవచ్చు, పైగా మీ యజమాని తప్పులను మీరే వేలెత్తి చూపాల్సి వస్తుంది. ఆ స్వేచ్ఛ మీకుందా అని మీ పై అధికారిని ఇప్పుడే అడగండి. పాత సిద్ధాంతాలతో తలపడాలన్న కోరికే బలమైనదైతే ఈ ఏడాది ఎడ్.డి. కూడా వద్దనుకుని ఆగడం ఒక మార్గం. అప్పుడు ఒకటి రెండు పరిశోధనా పద్ధతుల కోర్సులు విడిగా తీసుకోండి, మీ ప్రశ్నకు దగ్గరగా పనిచేస్తున్న ఆచార్యులు ఎవరో వెతకండి, ఇంటికి దగ్గరలో పీహెచ్.డి. అవకాశం కోసం మళ్లీ దరఖాస్తు చేయండి. వచ్చిన భృతి మళ్లీ వస్తుందన్న హామీ లేదు, అది ఈ దారిలో ఉన్న నష్టం. డాక్టరేటే వద్దనుకుని, ఆ 'వ్యక్తిగత కారణాలు' గడిని మార్చి, వెళ్లిపోయేవారితో పది నిమిషాలు మాట్లాడే పద్ధతి పెట్టమని మీ విశ్వవిద్యాలయాన్ని ఒప్పించడం కూడా గౌరవప్రదమైన పనే. దానికి ఏ పట్టా అక్కర్లేదు, వచ్చే వారమే మొదలుపెట్టవచ్చు.

ఏప్రిల్ 15 గురించి ఒక మాట. కౌన్సిల్ ఆఫ్ గ్రాడ్యుయేట్ స్కూల్స్ ఒప్పందం మీద సంతకం చేసిన విశ్వవిద్యాలయాలు, ఆర్థిక సాయంతో కూడిన సీటుకు ఆ తేదీ కన్నా ముందు జవాబు చెప్పమని ఒత్తిడి చేయకూడదు. ఆ పీహెచ్.డి. చోటు ఆ జాబితాలో ఉందేమో చూడండి, ఉన్నన్ని రోజులూ వాడుకోండి. ఈలోగా రెండు విభాగాల్లోనూ మూడో ఏడాది చదువుతున్న ఇద్దరేసి విద్యార్థులతో మాట్లాడండి, వీలైతే పిల్లలున్న తల్లులతో. గైడ్ ఎన్ని రోజుల్లో జవాబిస్తారు, తమతో చేరినవారిలో ఎందరు ఇంకా ఉన్నారు, మానేసినవారు ఎందుకు మానేశారు అని అడగండి. చేరాల్సిన ఏడాది వాయిదా వేసుకునే వీలుందా అని రెండు చోట్లా రాతలో తెలుసుకోండి. ఆ జవాబులు వచ్చాక, ఏ దారి ఎంచుకున్నారో రాస్తే తరువాతి అడుగుల గురించి మళ్లీ మాట్లాడుకుందాం.